పహరాకు నేర్పిన మాట

నమోదు 1. సోమవారం, ఉదయం షిఫ్టు

రోజూ ఏం చేస్తున్నామో మామూలు మాటల్లో రాయమన్నారు. రాసిందంతా మా కేంద్రానికి కొత్తగా తెచ్చిన కాపలా యంత్రం పహరా చదువుతుందట, చదివి మా పని నేర్చుకుంటుందట. సరే పహరా, చదువుకో. నా పేరు కొయ్యాన అసిరితల్లి. నీలాలతిప్ప ఇంధన నిల్వ కేంద్రంలో ఉదయం షిఫ్టుకి అగ్నిమాపక అధికారిని. పన్నెండేళ్ల సర్వీసు. గొంతు పెద్దది, ఓపిక చిన్నది. మిగతాది రాస్తుంటే నీకే తెలుస్తుంది.

మా దగ్గర పన్నెండు గుండ్రటి ట్యాంకులున్నాయి. కుండలంటాం. సముద్రంలో తిరిగే గాలిమరలు నీళ్లను విడగొట్టి పంపే హైడ్రోజన్ వాటిలో ఉంటుంది. మూడు జిల్లాల బస్సులు, పడవలు, ఆసుపత్రి రైళ్లు ఇక్కడ నింపుకొనే కదులుతాయి. ఒక కుండకేమైనా అయితే పక్కదానికి తగలకుండా రెండేసి కుండల మధ్య నిలువెత్తు మట్టికట్ట పోశారు. నీ పటంలో అది 'రక్షణ కట్ట'. మేం మాత్రం మట్టికొండ అంటాం. గడ్డి పట్టిన ఆ కట్టని బూట్లతో ఒకసారి ఎక్కి చూస్తే ఎందుకన్నామో అర్థమవుతుంది. నీకు కాళ్లు లేవు కాబట్టి నా మాట నమ్ము.

ఇక అసలు సంగతి. ఈ గ్యాసు అంటుకుంటే పగటిపూట మంట కనపడదు. పొగ ఉండదు, వాసన ఉండదు. ఎదురుగా మనిషి ఎత్తు మంట మండుతున్నా దాని వెనక గోడ మీద బల్లి కూడా స్పష్టంగా కనిపిస్తుంది. మా గురువులు మావ చిన్నప్పుడు పెట్రోలు అని ఒకటుండేదట. దాని మంట ఎర్రగా, నల్లటి పొగతో, మైలు దూరం నుంచే 'వస్తున్నాను, తప్పుకోండి' అన్నట్టు ఉండేదట. ఎంత మర్యాదగల మంటో!

కనపడని మంటని పట్టుకోవడానికి మా దగ్గరున్న పరికరం చీపురు. నవ్వకు. ఆరడుగుల వెదురు కర్ర చివర కొండచీపురు కట్టి, ముందుకు చాచి, గొట్టాల వెంబడి మెల్లగా నడవాలి. చీపురు కొస ఉన్నట్టుండి అంటుకుంటే మంట అక్కడుందన్నమాట. ఆగి, వెనక్కి రెండడుగులు వేసి, రేడియోలో చెప్పాలి. ఈ నడకలో మా కేంద్రానికి పెద్దదిక్కు ఈ గురువులు మావే; గురువులు ఆయన పేరు. నాకు చుట్టం కాడు, నడక నేర్పినవాడు. ఇప్పుడు కాగితం మీద నేను ఆయనకి అధికారిని. కాగితం మీద మాత్రమే.

ఇవాళ కొత్త భద్రతాధికారి కరుణాకర్ గారు వచ్చారు. నెల్లూరు మనిషి, నెమ్మదస్తుడు. వస్తూనే గోడకి ఆనించిన చీపురు జారి పడితే దాన్ని దాటి నడిచారు. గురువులు మావ గబగబా వెళ్లి చీపురు తీసి, కళ్లకద్దుకున్నాడు.

"దాటకండి బాబూ. మన పేనాలు దీని సివరనే ఉన్నాయి," అన్నాడు.

కరుణాకర్ గారు మర్యాదగా క్షమించమన్నారు. ఆ తర్వాత అంతే మర్యాదగా అసలు కబురు చెప్పారు. పహరాకి నాలుగు వందల కళ్లున్నాయి, అవి వేడిని చూస్తాయి. కాబట్టి పదిహేను రోజుల్లో చీపురు నడక ఆపేస్తారు. నీళ్ల తాళాలూ పంకాల తాళాలూ, అంటే వాటిని నడిపే పెత్తనం, పహరా చేతికిస్తారు. గురువులు మావ వెళ్లి కొత్త చీపురు కట్టుకున్నాడు.

నమోదు 2. బుధవారం

ఇవాళ కసరత్తు. నాకు కసరత్తంటే పండగ! సైరన్ మోగగానే ఒంట్లో కరెంటు పాకుతుంది. కోటు, హెల్మెట్టు, రేడియో, చీపురు. యాభై ఒక్క సెకన్లలో గేటు దగ్గరున్నాను. నా పాత రికార్డు యాభై మూడు.

పహరా, ఈ ముక్క రెండుసార్లు చదువు. మంట మండుతూ ఉంటే నీటి తెర వెయ్యాలి. గొట్టాల వరస నుంచి నీళ్లు గోడలా లేచి కుండని చల్లబరుస్తాయి, లోపలికి వెళ్లిన మనిషిని కాపాడతాయి. గ్యాసు మూయకుండా మంటని మాత్రం ఆర్పకూడదు. ఎందుకంటే మంట పోయి గ్యాసు కారుతూ ఉంటే అది తెర వెనక పోగుపడుతుంది. ఎక్కడో చిన్న నిప్పురవ్వ చాలు, తిప్పంతా లేచిపోతుంది. అందుకే మంట లేకుండా గ్యాసు కారుతుంటే తెర దించేసి పెద్ద పంకాలు వెయ్యాలి, గ్యాసుని సముద్రం మీదికి ఊదెయ్యాలి.

మంట ఉంటే తెర. మంట లేకపోతే పంకా. తారుమారైతే, మండుతున్నదాని మీద పంకా వేసినట్టు. లోపలున్న మనిషి గతేమిటో నేను రాయను.

"అర్థమైంది," అంది పహరా. దాని తెలుగు వార్తలు చదివేవాళ్ల తెలుగు.

నమోదు 3. శుక్రవారం

నవ్వీ నవ్వీ కడుపు నొప్పి వచ్చింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ప్రాంగణం చివర పొడవాటి గొట్టం మీద ఎప్పుడూ ఒక చిన్న మంట వెలుగుతూ ఉంటుంది. కుండల్లో ఎక్కువైన గ్యాసుని అక్కడికి పంపి కాల్చేస్తాం. ఆ మంట లేకపోతే గ్యాసు ఊరికే గాల్లో కలుస్తుంది, కాబట్టి అది వెలుగుతూనే ఉండాలి. మేం దాన్ని దీపం అంటాం. కనపడని మంట కదా అని గురువులు మావ దాని పక్కన ఇనప జల్లెడలో ఉప్పుగల్లు పెడతాడు. ఉప్పు తగిలితే మంట పసుపుపచ్చగా కనిపిస్తుంది. షిఫ్టెక్కగానే దానికొక దణ్ణం పెట్టి నడక మొదలెడతాడు.

పదిన్నరకి రేడియోలో ఆయన గొంతు వినిపించింది. "అసిరీ, దీపం కొండెక్కీసింది. బేగి రా!"

నేను దీపం వెలిగించే అగ్గిగొట్టం తీసుకుని పరిగెత్తబోతుంటే గోడ మీద స్పీకర్లోంచి పహరా మాట్లాడింది. "దీపం కొండ ఎక్కినట్టు సమాచారం. ఉద్యోగుల జాబితాలో దీపం అనే పేరు లేదు. అనుమతి లేని వ్యక్తిగా భావించి పడమటి కొండ మీదికి ఎగిరే కన్నును పంపుతున్నాను."

నిజంగా పంపింది! ఎగిరే కన్ను కొండంతా తిరిగి, మేకలు కాసుకుంటున్న ఒక ముసలమ్మ ముందు వాలి, "మీరేనా దీపం?" అని అడిగిందట. ఆవిడ చేతికర్రతో ఒక్కటిచ్చింది. ఈలోగా నేను గొట్టమెక్కి దీపం వెలిగించి దిగాను. నవ్వు ఆపుకుంటూ నిచ్చెన దిగడం ఎంత కష్టమో ఎవరికీ తెలియదు.

కరుణాకర్ గారు మాత్రం నవ్వలేదు. "ఇకమీదట రేడియోలో 'ఆరిపోయింది' అని చెప్పండి గురువులు గారూ. సూటిగా ఉంటుంది."

"దీపాన్ని పట్టుకొని అలగంతారేటి బాబూ? నోరెలగొస్తాది? మీ ఇంట్లో ఏటంతారు?"

చివరికి కరుణాకర్ గారూ నవ్వేశారు. "మా అమ్మ కూడా కొండెక్కిందనే అంటుందిలెండి."

మనిషిని మార్చడం కంటే యంత్రానికి నేర్పడం తేలికని తేల్చుకున్నాం. నేనే నేర్పాను. పాఠం: 'కొండెక్కింది' అంటే 'ఆరింది'. నా సంతకం కింద కరుణాకర్ గారూ సంతకం పెట్టారు.

"నేర్చుకున్నాను," అంది పహరా. "ఈ పాఠాన్ని సరిదిద్దే అధికారం నేర్పినవారికే ఉంటుంది. కారణం చెప్పి సరిదిద్దవచ్చు. ధన్యవాదాలు."

టీచరునైపోయాను. గురువులు మావకి టీ పోయించి మరీ చెప్పుకున్నాను.

నమోదు 4. మంగళవారం

పహరా చురుకైనదే, ఒప్పుకోవాలి. ఇవాళ మూడో కుండ దగ్గర వేడెక్కిన మోటారుని నాకంటే ముందు పట్టింది. కానీ దాని కళ్ల మీద ఉప్పుగాలి పేరుకుంటోంది. ఉదయం ముప్పై ఆరు కళ్లు తుడిచాం. గురువులు మావ ఒక్కొక్కదాన్నీ తడిగుడ్డతో తుడుస్తూ, "సూసుకోయే, సూసుకో" అని పసిపిల్లకి ముఖం కడిగినట్టు మాట్లాడుతున్నాడు. తన పని తీసేస్తున్నదానికి కళ్లు తుడవడమేమిటని అడిగాను.

"దానికేటి తెలుసే పాపం," అన్నాడు.

సాయంత్రం తాళాలు పహరాకి అప్పగించారు. తెరా పంకాలూ ఇక దాని చేతిలో. మేం తిరిగి తీసుకోవాలంటే ఇద్దరు అధికారులు వేలిముద్ర వెయ్యాలి, పూర్తిగా ఒక నిమిషం పడుతుంది. చీపురు నడక ఈ శనివారంతో సరి.

నమోదు 5. బుధవారం

ఇంకా తడి కోటులోనే కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో పహరా.

మిట్టమధ్యాహ్నం, పన్నెండుకి పది నిమిషాలు తక్కువ. రేడియోలో గురువులు మావ గొంతు, చాలా తాపీగా.

"అసిరీ. సీపురు అంటుకుంది. ఏడో కుండ కింద, గొట్టం అతుకు కాడ. మంట నా నడుమెత్తు ఉన్నాది."

నలభై ఎనిమిది సెకన్లు! కొత్త రికార్డు, తర్వాత చూసుకున్నాను. నేను పరిగెడుతుండగానే పహరా తెర లేపింది. సైరన్ వేసింది, గేట్లు మూసింది, రైళ్లని ఆపింది. శభాష్ అనిపించింది. ఆ అతుకుని చూడాల్సిన కన్ను మీద మాత్రం ఉప్పు పేరుకుని ఉంది. చీపురు లేకపోతే ఆ మంట ఇంకెంతసేపు మండేదో.

గ్యాసు మూసే మోటారు కదలలేదు. తుప్పో, ఉప్పో, బిగుసుకుపోయింది. చేత్తో తిప్పే చక్రం ఒకటుంది కానీ అది తెరకి అవతల, ఏడో కుండకీ మట్టికొండకీ మధ్య సందులో ఉంది. గురువులు మావ అప్పటికే ఆ పక్కనున్నాడు.

"నువ్వు బయటికి వచ్చెయ్ మావా, నేను తిప్పుతాను," అన్నాను.

"నానున్నాను కదేటి. నువ్వొచ్చీసరికి పది సుట్లు తిప్పీగల్ను."

ఇరవై రెండు చుట్లు తిప్పితే గ్యాసు పూర్తిగా మూసుకుంటుంది. ఆయన పైకి లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఒకటి. రెండు. మంటకీ ఆయనకీ మధ్య నీళ్లు తప్ప ఏమీ లేదు. నాకు అవతల ఏమీ కనిపించడం లేదు, ఆవిరి తెల్లగా కమ్మేసింది. పహరా కళ్లకీ అంతే. అది కూడా నాలాగే రేడియో వింటోంది. ఏడు. ఎనిమిది. కరుణాకర్ గారు నా పక్కన నిలబడి పెదాలతో లెక్కపెడుతున్నారు. తొమ్మిది.

సముద్రం గాలి తిరిగింది. నా చెంప మీద తెలిసింది.

"అసిరీ!" ఈసారి గొంతు తాపీగా లేదు. "మంట కొండెక్కింది! మంట కొండెక్కీసింది!"

నాకు ఆ క్షణంలోనే బోధపడింది. గాలికి మంట వంగి మట్టికొండ మీద ఎండుగడ్డి అంటుకుంది. కొండ దాటితే ఎనిమిదో కుండ. నీళ్లు అటు పడాలి, వెంటనే.

పహరాకీ బోధపడింది. నేను నేర్పినట్టే.

"మంట ఆరినట్టు సమాచారం," అంది అది, ఎప్పటిలాగే మర్యాదగా. "గ్యాసు ఇంకా పూర్తిగా మూసుకోలేదు. పోగుపడే ప్రమాదం ఉంది. ఇరవై సెకన్లలో నీటి తెర దించి పంకాలు వేస్తున్నాను."

నా పాఠం! నా నోటితో, నా సంతకంతో నేర్పిన పాఠం. తెర దిగితే గురువులు మావ నేరుగా మంట ముందుంటాడు, పంకాలు తిరిగితే కొండ మీద మంట ఎనిమిదో కుండని కౌగిలించుకుంటుంది. కరుణాకర్ గారు తాళాల పెట్టె మీద వేలు పెట్టారు. దానికి నిమిషం కావాలి. మా దగ్గర ఇరవై సెకన్లే ఉన్నాయి.

"పహరా, ఆగు! పాఠం సరిదిద్దుతున్నాను! కొండెక్కింది అంటే ఆరింది కాదు!"

"శుక్రవారం మీరే అలా చెప్పారు. సరిదిద్దడానికి కారణం చెప్పండి. పదహారు."

"అది దీపానికే! మంటకి కాదు!"

"దీపం కూడా మంటే. తేడా చెప్పండి. పన్నెండు."

ఏం చెప్పను? పుట్టినప్పటి నుంచి తెలిసిన తేడా. ఎవరూ నాకు చెప్పలేదు, నేను ఎవరికీ చెప్పాల్సి రాలేదు. అందుకే శుక్రవారం సగమే చెప్పి ఊరుకున్నాను. ఏమనుకున్నానో తెలియదు, అరిచేశాను.

"దీపం మనం వెలిగించుకున్నది! ఆరిందనడానికి నోరు రాక కొండెక్కిందంటాం! ఇది మనం వెలిగించింది కాదు. దీనికి ఆ మర్యాద ఎవరూ ఇవ్వరు! ఇది నిజంగా ఎక్కింది, మట్టికొండ ఎక్కింది!"

"మూడు," అంది పహరా.

ఆ తర్వాత రెండు వినపడలేదు.

"పాఠం సరిదిద్దాను. నీటి తెర కొనసాగుతుంది. మట్టికొండ మీదా ఎనిమిదో కుండ మీదా జల్లు వేస్తున్నాను."

నేను గంతేశాను. నలభై రెండేళ్లదాన్ని, అగ్నిమాపక అధికారిని, అందరి ముందూ నిజంగానే గంతేశాను! అయితే రేడియోలో లెక్క వినపడడం లేదు. తొమ్మిది తర్వాత పది రాలేదు.

"మావా! మావా, పలుకు!"

ఒక పొడి చీపురు కోటు కింద దాచుకుని తెరలోకి దూరాను. నీళ్లు మీద పడుతుంటే రాళ్లు పడుతున్నట్టుంది. అవతలికి వెళ్లేసరికి కొండ మీద గడ్డి నల్లగా తడిసి పొగలు కక్కుతోంది. గురువులు మావ చక్రం మీద వంగి ఉన్నాడు. రేడియో కిందపడి నీళ్లలో తేలుతోంది. కుడి ముంజేయి ఎర్రగా కమిలింది. ఎడంచేత్తో తిప్పుతున్నాడు.

"ఎన్నయ్యాయి?" అని అరిచాను.

"పదిగేను. నువ్వు లెక్క తప్పించకే!"

ఇద్దరం పట్టుకున్నాం. పదహారు, పదిహేడు. చక్రం బిగుస్తోంది. ఇరవై దగ్గర ఇద్దరం దాని మీద వేలాడాం. ఇరవై ఒకటి. ఇరవై రెండు!

"పొడి సీపురు తెచ్చినావా?"

కోటులోంచి తీశాను. ముందుకు చాచి, అతుకు దగ్గరికి అంగుళం అంగుళం జరిపాను. కొస అతుకుని తాకింది. చుట్టూ తిప్పాను. కింద, పైన, వెనక. ఒక్క ఈనె కూడా కమలలేదు. నా జీవితంలో అంత అందమైన చీపురు చూడలేదు!

రేడియో నొక్కి, ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పాను. "పహరా. మంట ఆరింది. గ్యాసు మూశాం. మళ్లీ చెబుతున్నాను, మంట ఆరింది."

"మంట ఆరింది," అంది పహరా. "గురువులు గారికి వైద్యుడిని పంపుతున్నాను."

నమోదు 6. సోమవారం

విచారణ అయింది. తప్పు నాదని రాసిచ్చాను. పాఠంలో సగమే చెప్పానని, ఆ సగం మనందరికీ ఒంట్లో ఉన్నదే కాబట్టి చెప్పాలని తోచలేదని రాశాను. కరుణాకర్ గారు అడక్కుండానే కింద తన పేరూ చేర్చారు. తాళాలు ఇక మనిషికీ పహరాకీ ఉమ్మడిగా ఉంటాయి, తిరిగి తీసుకోవడానికి ఒక్క వేలు చాలు.

చీపురు నడక ఆపాలన్న ఉత్తర్వు మీద పహరా అభిప్రాయం అడిగారు. అది తన పరికరాల జాబితా పంపింది. చివర కొత్త వరస ఒకటి: 'కన్ను 401: కొండచీపురు. ఉప్పు పట్టదు. కొనసాగించాలి.' కరుణాకర్ గారు అది చదివి, గోడకి ఒక మేకు కొట్టించి, చీపురుని ఇక ఎవరూ దాటకుండా ఎత్తులో తగిలించారు.

గురువులు మావ చేతికి కట్టుతో డ్యూటీకి వచ్చాడు. వద్దంటే వినడు. దీపానికి ఎడంచేత్తో దణ్ణం పెట్టి గట్టు మీద కూర్చున్నాడు, నేను నడక మొదలెట్టాను. పదకొండింటికి సముద్రం నుంచి పెద్ద గాలి కొట్టింది. నేను తలెత్తేలోపే అన్ని స్పీకర్లలోనూ పహరా గొంతు వినిపించింది.

"అసిరితల్లి గారూ, దీపం కొండెక్కింది. మీరు వచ్చేవరకు గ్యాసు ఆపి ఉంచుతాను."

నడుస్తున్నదాన్ని ఆగిపోయాను. దానికి 'ఆరింది' అనే మాట తెలుసు. మొన్న మంటకి అదే వాడింది. 'కొండెక్కింది' అని మేమంటే అర్థమేమిటో చెప్పాను కానీ, దీపం గురించి తను ఏమనాలో దానికి ఎవరూ చెప్పలేదు.

గురువులు మావ గట్టు మీంచి లేచి నిలబడ్డాడు. ముఖమంతా నవ్వు, కళ్లనిండా నీళ్లు.

"సూసినావేటే అసిరీ!" అన్నాడు. "దానికీ నోరు రానేదు!"

నేను నిచ్చెనెక్కి, ఉప్పుగల్లు కొత్తది పెట్టి, దీపం వెలిగించాను.